రాజప్రతినిధి యధికారములు: శాసనము, సంప్రదాయము

"రాజు సింహాసన మధిష్ఠించును గాని పరిపాలింపడు" అను నానుడి ఐరోపాఖండపు రాజ్యాంగ చర్చలయందు బహుకాలమునుండి వినవచ్చుచున్నది. పార్లమెంటరీ ప్రజాపాలనము నెలకొనిన దేశములలో రాజు పేర జరుగు సమస్త కార్యములను నిజముగ నడపువారు ప్రజలెన్నుకొనిన సభకు జవాబుదారులగు మంత్రులే. ఇందు విప్రతిపత్తి లేదు. అయితే రాజు సముద్రమున కావల నుండి, యాతని స్థానమున వేఱొకడు ప్రతినిధిగ గూర్చుండినప్పుడు, ఆ ప్రతినిధికి గల యధికార మెంత? శాసనమున వ్రాసియున్న దంతయునా? రాజు స్వదేశమున వాడుకొనునంత మాత్రమా? లేక యీ రెంటికి భిన్నమగు కొలత మఱియొకటి గలదా? ఇది న్యాయవాదుల వినోదమునకై పుట్టిన ప్రశ్న కాదు. 1975వ సంవత్సరము నవంబరు 11వ తేదీన ఆస్ట్రేలియా దేశమున, ప్రజాసభయందు సంఖ్యాబలము గల ప్రధాన మంత్రిని గవర్నరు జనరలు పదవినుండి తొలగించెను. ఆ యుదంతమును, దానికి ముందు జరిగిన మఱి రెండు ఉదంతములను బరిశీలించి, వానివలన దేలు సిద్ధాంతమును నిరూపించుట యీ వ్యాసోద్దేశము.

శాసనపాఠము

ఆస్ట్రేలియా రాజ్యాంగము 1900లో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టము. అది 1901 జనవరి 1వ తేదీనుండి యమలులోనికి వచ్చినది. అందలి 2వ సెక్షను గవర్నరు జనరలును రాజునకు బ్రతినిధిగ బేర్కొనుచున్నది. 61వ సెక్షను ప్రకారము కార్యనిర్వాహకాధికారము రాజునందు నిక్షిప్తమై యున్నది. దానిని వినియోగించువాడు ప్రతినిధి. పార్లమెంటును సమావేశపరచుటకును, ప్రతినిధిసభను రద్దు చేయుటకును 5వ సెక్షను అధికార మొసగుచున్నది. బిల్లులకు సమ్మతి యిచ్చుట 58వ సెక్షనునందును, సేనాధిపత్యము 68వ సెక్షనునందును గలవు. అన్నింటికంటె ముఖ్యమైనది 64వ సెక్షను. దాని ప్రకారము మంత్రులను నియమించువాడు గవర్నరు జనరలు. వారు ఆతని యనుగ్రహ మున్నంతవఱకే పదవులయం దుందురు. "ప్రధాన మంత్రి" అను మాటగాని, "కాబినెట్టు" అను మాటగాని యా రాజ్యాంగమున నెచ్చటను లేదు.

మఱియొక విశేషము. కొన్ని యధికారములను శాసనము "సమండలి గవర్నరు జనరలు"నకు, అనగా కార్యనిర్వాహక మండలి సలహాతో వర్తించు గవర్నరు జనరలునకు, ఇచ్చినది. కొన్నింటిని కేవలము "గవర్నరు జనరలు"నకే యిచ్చినది. ఈ భేదమును బట్టి కొంద ఱా రెండవ తెగ యధికారములు మంత్రుల సలహాకు లోబడనివని వాదించిరి. ఇట్లు సలహా లేకయు, సలహాకు విరుద్ధముగను ప్రతినిధి స్వయముగ వాడదగినవని చెప్పబడు నధికారములను నిక్షిప్తాధికారము లనవచ్చును. మంత్రిని నియమించుట, తొలగించుట, సభను రద్దు చేయుట, రద్దు చేయ నిరాకరించుట వీనిలో ముఖ్యములు.

ఈ పాఠము నొక్కదానినే చదివినవాడు గవర్నరు జనరలు దేశమును స్వయముగ నేలుచున్నాడనియు, మంత్రులు ఆతని కొలువుకాండ్రనియు దలచును. కాని వృత్తి లేక సూత్రమున కర్థము కుదురనట్లు, సంప్రదాయము లేక రాజ్యాంగశాసనమున కర్థము కుదురదు. శాసనకర్తలు లండను నగరపు సంప్రదాయమును మనస్సునం దుంచుకొనియే యీ మాటలు వ్రాసిరి. కావున నా సంప్రదాయ మెట్టిదో తెలిసికొనవలయును.

రాజు, ప్రతినిధి

ఇంగ్లండున పార్లమెంటు ఆమోదించిన బిల్లునకు సమ్మతి నిరాకరించిన తుది యుదాహరణము 1708లో, ఆన్ రాణి కాలమున జరిగినది. మంత్రివర్గమును రాజు తొలగించిన తుది యుదాహరణము 1834నాటిది. ఆ యేట నాల్గవ విలియము రాజు మెల్‌బోర్న్ ప్రభువు మంత్రివర్గమును దొలగించి పీలునకు నధికార మిచ్చెను. 1835 ఆరంభమున జరిగిన యెన్నికలలో పీలునకు సంఖ్యాబలము చేకూరలేదు. ఆ సంవత్సరము ఏప్రిలులో మెల్‌బోర్న్ మఱల ప్రధానియయ్యెను. రాజునకు గలిగిన పరాభవము తరువాతివారికి బాఠమయ్యెను. 1867లో వాల్టరు బేజట్ తన గ్రంథమున, రాజునకు మిగిలిన హక్కులు మూడని చెప్పెను: మంత్రులచే సంప్రదింపబడు హక్కు, ప్రోత్సహించు హక్కు, హెచ్చరించు హక్కు. ఈ మూడవదానిని చదువరులు జ్ఞప్తియం దుంచుకొందురు గాక. ముందు జెప్పబోవు కథ యంతయు దానిపై నాధారపడి యున్నది.

1926లో జరిగిన సామ్రాజ్య మహాసభ, అధినివేశ దేశములలోని గవర్నరు జనరలు బ్రిటిషు ప్రభుత్వమునకు నౌకరు కాడనియు, ఇంగ్లండున రాజునకు గల స్థానమే ముఖ్యాంశములన్నిటియందు నాతనికి గలదనియు బ్రకటించెను. 1930నాటి మహాసభ, ఆ యుద్యోగిని నియమించుటకు రాజునకు సలహా యిచ్చువారు ఆయా దేశపు మంత్రులే యని నిర్ణయించెను. ఈ పద్ధతినే 1931లో ఐజక్ ఐజక్సు ఆస్ట్రేలియాలో బుట్టిన మొదటి గవర్నరు జనరలుగ నియమింపబడెను. ఐదవ జార్జి రాజున కా నియామకము రుచింపకున్నను, ప్రధాని స్కలిన్ పట్టు విడువలేదు.

పై రెండు తీర్మానములును స్వాతంత్ర్యమునకు సోపానములని యందఱును గొనియాడిరి. అది నిజమే. కాని యవి పరస్పరము పొసగవని యప్పుడు పలువురు గుర్తింపలేదు. నియమించుటకు సలహా యిచ్చువాడు తొలగించుటకును సలహా యీయగలడు. రాజు వంశపారంపర్యముగ వచ్చినవాడు. ఆతనిని మంత్రి తొలగింపజాలడు. ప్రతినిధియో, మంత్రి పంపు నొక్క సందేశముతో బదవి గోలుపోవును. కాబట్టి "రాజునకు గల స్థానమే ప్రతినిధికి గలదు" అను వాక్యము పూర్ణసత్యము కాదు. శాసనమున బ్రతినిధి కధికారము మెండు; పదవియందు స్థైర్యము కొఱత. ఈ యసమానత యెట్టి ఫలముల నిచ్చెనో మూడుదంతములవలన దెలియగలదు.

కెనడా, 1926

1925 అక్టోబరులో కెనడాలో జరిగిన యెన్నికలయందు కన్సర్వేటివు పక్షము ఎక్కువ స్థానములు గెలిచినను, సభలో సగమునకు మించిన సంఖ్యాబలము ఏ పక్షమునకును రాలేదు. లిబరలు నాయకుడు మెకంజీ కింగు, ప్రోగ్రెసివు సభ్యుల తోడ్పాటుతో బ్రధానిగ నిలిచెను. 1926 జూనులో సుంకములశాఖలోని యక్రమములపై సభలో నభిశంసన చర్చ జరుగుచుండెను. ఓటు జరుగుటకు మునుపే సభను రద్దు చేయుమని కింగు గవర్నరు జనరలగు బింగు ప్రభువును గోరెను. ప్రతిపక్షనాయకుడగు మీగెన్ మంత్రివర్గమును నిర్మింపగలడేమో చూడవలయునని బింగు నిరాకరించెను. లండనును సంప్రదింపుమని కింగు కోరగా బింగు దాని కంగీకరింపలేదు. కెనడా వివాదమును కెనడాలోనే తీర్చుకొనవలయునని యాతని తలంపు.

జూను 28వ తేదీన కింగు రాజీనామా యిచ్చెను. మఱునాడు మీగెన్ ప్రధానియయ్యెను. కొలది దినములకే, జూలై 2వ తేదీ తెల్లవాఱుజామున, ఆతడు ఒక్క యోటుతో నోడిపోయెను. కింగునకు నిరాకరించిన సభాభంగమును బింగు మీగెనున కనుగ్రహింపవలసి వచ్చెను. సెప్టెంబరు 14వ తేదీ యెన్నికలలో కింగు గెలిచెను. బింగు చేసినది తప్పని కింగు పక్షమువారు చాటిరి. కాని 1943లో యూజీన్ ఫోర్సీ యను విద్వాంసుడు సభాభంగాధికారముపై వ్రాసిన గ్రంథమున, అభిశంసన చర్చనుండి తప్పించుకొనుటకు సభను రద్దు చేయించుకొను హక్కు మంత్రికి లేదనియు, బింగు పక్షమే న్యాయమనియు వాదించెను. ఎన్నికలలో గెలిచినవాని వాదము రాజ్యాంగ దృష్టిలో సరియైనది కానక్కఱలేదని యిందువలన గ్రహింపవలయును.

న్యూ సౌత్ వేల్సు, 1932

ఆస్ట్రేలియాలోని రాష్ట్రములలో న్యూ సౌత్ వేల్సు ఒకటి. ఆర్థికమాంద్యకాలమున 1931లో దాని ప్రధాని జాక్ లాంగు లండను ఋణదాతలకు వడ్డీ చెల్లింప నిరాకరించెను. కేంద్ర ప్రభుత్వ మా వడ్డీ తాను చెల్లించి, 1932లో జట్టము చేసి, ఆ సొమ్మును రాష్ట్రాదాయమునుండి రాబట్టుకొన బూనెను. ఉన్నత న్యాయస్థానము ఆ చట్టము చెల్లునని తీర్పు చెప్పినది. అయినను లాంగు ప్రభుత్వము, ఆ సొమ్మును కేంద్రమునకు జెల్లింపరాదని తన యుద్యోగులకు సర్క్యులరు పంపెను.

గవర్నరు సర్ ఫిలిప్ గేము లాంగును బిలిపించి, ఈ సర్క్యులరు చట్టవిరుద్ధమని చెప్పెను. దానిని ఉపసంహరింపుమని, లేనిచో రాజీనామా యిమ్మని లేఖాముఖమున గోరెను. లాంగు రెంటిని నిరాకరించెను. 1932 మే 13వ తేదీన గవర్నరు ఆతనిని దొలగించెను. జూను 11వ తేదీన జరిగిన యెన్నికలలో లాంగు ఓడిపోయెను.

ఇందు రెండంశములు గమనింపదగినవి. మొదటిది: గవర్నరు ముందుగా హెచ్చరించెను, మంత్రికి మనసు మార్చుకొను నవకాశ మిచ్చెను. రెండవది: ఆ కాలమున రాష్ట్ర గవర్నరులను నియమించుటకును, మరల్చుకొనుటకును రాజునకు సలహా యిచ్చువారు బ్రిటిషు మంత్రులు గాని రాష్ట్ర మంత్రులు కారు. ఈ పద్ధతి 1986 వఱకు సాగినది. అనగా లాంగునకు గవర్నరును దొలగించు నుపాయము చేతిలో లేదు. హెచ్చరించినవాని కాసనమునకు బ్రమాదము లేకుండుటచే, ఆతడు హెచ్చరింప గలిగెను.

ఆస్ట్రేలియా, 1975

ఇక ముఖ్యోదంతమునకు వత్తము. లేబరు పక్షనాయకుడగు గఫ్ విట్లాం 1972 డిసెంబరులో ప్రధానియై, 1974 మే నెలలో ఉభయసభలను రద్దు చేయించి మఱల గెలిచెను. అయినను సెనేటులో నాతనికి సంఖ్యాబలము కుదురలేదు. 1975లో రెండు సెనేటు స్థానములు ఖాళీ కాగా, వెనుకటి సభ్యుని పక్షమువానినే నియమించు వాడుకను విడిచి, న్యూ సౌత్ వేల్సు, క్వీన్సులాండు రాష్ట్రములు వేఱు వారిని బంపినవి. విదేశ ఋణముల విషయమున నపకీర్తి పాలై, అక్టోబరు 14వ తేదీన మంత్రి రెక్స్ కానర్ రాజీనామా యిచ్చెను. మఱునాడు ప్రతిపక్షనాయకుడు మాల్కం ఫ్రేజరు, ఎన్నికలకు విట్లాం ఒప్పుకొను వఱకు ద్రవ్యబిల్లులను సెనేటు ఆపునని ప్రకటించెను. 53వ సెక్షను ప్రకారము సెనేటు ద్రవ్యబిల్లులను సవరింపరాదు. కాని త్రోసివేయరాదని యందు లేదు. సెనేటు త్రోసివేయనులేదు, అంగీకరింపనులేదు. వాయిదా వేయుచు వచ్చినది. నవంబరు నెల గడచిన పిమ్మట ప్రభుత్వోద్యోగుల జీతములకు సొమ్ము చాలకపోవు స్థితి యేర్పడెను.

గవర్నరు జనరలు సర్ జాన్ కెర్ పూర్వము న్యూ సౌత్ వేల్సు ప్రధాన న్యాయమూర్తి. 1974లో విట్లాం సలహామీదనే నియమింపబడినవాడు. అక్టోబరు 16వ తేదీ రాత్రి మలేషియా ప్రధానికి జరిగిన విందులో విట్లాం, తాను రాణి నాశ్రయించి కెరును ముందుగ దొలగించుటయో, కెర్ తన్ను ముందుగ దొలగించుటయో కావచ్చునని పరిహాసముగ ననెను. మంత్రికి బరిహాసమైనది గవర్నరు జనరలునకు బరిహాసము కాలేదు.

నవంబరు 10వ తేదీన కెర్, ప్రధాని వలదన్నను, ప్రధాన న్యాయమూర్తి బార్విక్ యభిప్రాయమును దీసికొనెను. 11వ తేదీ మధ్యాహ్నము ఒంటిగంట ప్రాంతమున, సెనేటులో సగమునకు నెన్నిక జరిపింప గోరుచు విట్లాం గవర్నరు జనరలు భవనమునకు వచ్చెను. ఫ్రేజరు అప్పటికే ఆ భవనమునందు వేఱొక గదిలో వేచియుండెను. కెర్ 64వ సెక్షను ననుసరించి తొలగింపుపత్రమును విట్లాం చేతి కిచ్చెను. ఎన్నికలు జరుగు వఱకు తాత్కాలిక ప్రధానిగ ఫ్రేజరును నియమించెను. తొలగింపువార్త యెఱుగని లేబరు సెనేటరులు కూడ సమ్మతింప, రెండు గంటల యిరువది నాలుగు నిమిషములకు సెనేటు ద్రవ్యబిల్లుల నామోదించెను. మూడు గంటలు దాటిన కొలది నిమిషములకు ప్రతినిధిసభ 64 ఓట్లకు 54 ఓట్లతో ఫ్రేజరునం దవిశ్వాసమును బ్రకటించెను. సభాధ్యక్షుడు స్కోల్సు ఆ తీర్మానమును గొని పోగా, గవర్నరు జనరలు ఆతనిని 4 గంటల 45 నిమిషముల వఱకు జూడలేదు. అంతలో పార్లమెంటు భవనపు మెట్లమీద ఉభయసభల రద్దు ప్రకటన చదువబడెను. స్కోల్సు రాణికి లేఖ వ్రాయగా, రాజ్యాంగము గవర్నరు జనరలున కప్పగించిన నిర్ణయములలో రాణి జోక్యము కలుగజేసికొనదని యామె కార్యదర్శి బదులు వ్రాసెను. డిసెంబరు 13వ తేదీ యెన్నికలలో 127 స్థానములలో 91 ఫ్రేజరు కూటమికి వచ్చెను.

పరామర్శ

కెర్ పక్షమువా రిట్లు వాదింతురు: ద్రవ్యము సంపాదింపజాలని మంత్రి రాజీనామా యీయవలయును, లేదా యెన్నికలకు బోవలయును, రెండును జేయనివానిని దొలగించి ప్రజలకే నిర్ణయము వదలుట ధర్మము, ప్రజలు దాని నామోదించిరి. ప్రతిపక్షమువా రిట్లందురు: మంత్రి జవాబుదారి ప్రజాసభకు గాని సెనేటునకు గాదు, సొమ్మింకను గొన్నినాళ్లు మిగిలియుండెను, సభ యవిశ్వాసము ప్రకటించిన వానిని బ్రధానిగ నిలుపుట సంప్రదాయమును దలక్రిందు చేయుట.

ఎన్నికల ఫలము ఈ వాదమును దీర్పదని కెనడా యుదంతమున జూచితిమి. 1975లో ఓటరులు తీర్పు చెప్పినది విట్లాం పాలనపైన గాని కెర్ ధర్మజ్ఞతపైన గాదు. సెనేటునకు ద్రవ్యము నాపు నధికారము శాసనమున లేదని చెప్పుటయు గష్టమే. కాబట్టి ఈ యుదంతమును దూచవలసిన తక్కెడ వేఱు. అది హెచ్చరిక. గేము హెచ్చరించెను, కెర్ హెచ్చరింపలేదు. హెచ్చరించినచో విట్లాం రాణికి సలహా యిచ్చి తన్ను దొలగించుననియు, తద్ద్వారా రాణి రాజకీయములలోని కీడ్వబడుననియు భయపడితినని కెర్ తరువాత తన స్వీయచరిత్రమున జెప్పికొనెను.

ఈ భయము కల్పితము కాదని 2020లో దేలినది. ఆ సంవత్సరము మే నెలలో ఆస్ట్రేలియా ఉన్నత న్యాయస్థాన మిచ్చిన తీర్పు ననుసరించి, కెరునకును రాజప్రాసాదమునకును జరిగిన రెండువందలకు పైబడిన లేఖలు జూలై 14వ తేదీన బహిరంగమైనవి. రాణి కార్యదర్శి చార్టెరిస్ 1975 అక్టోబరు 2వ తేదీన వ్రాసిన లేఖలో, ప్రధాని యట్టి సలహా యిచ్చినచో రాణి మిక్కిలి యప్రియ మొందినను, తుదకు దాని ననుసరింపక తప్పదని సూచించెను. తొలగింపునాటి లేఖలో కెర్, ప్రాసాదమునకు ముందుగ దెలుపకయే యీ పని చేసితినని వ్రాసెను. మంత్రికి జెప్పక, రాణికి జెప్పక, ఒంటిగ జేసిన పని యది.

ఇట్లు ప్రతినిధికి బదవీస్థైర్యము లేమిచే భయమును, భయముచే మౌనమును, మౌనముచే నాకస్మిక ప్రహారమును సంభవించెను. బేజట్ చెప్పిన మూడు హక్కులలో జివరిదియు గడు సౌమ్యమైనదియు నగు హెచ్చరికను బ్రతినిధి కోలుపోయెను. రాజులే 1834 తరువాత విడిచిన ఘోరాయుధ మాతని చేత మిగిలెను. ఇది కెర్ స్వభావదోషమే యని చెప్పి యూరకుండరాదు. గేము నిర్భయముగ మాటలాడుటకును, కెర్ మాటలాడకుండుటకును వారి స్వభావము లెంత కారణములో, వారి పదవుల కట్టుబాట్లును నంత కారణములు.

1936లోనే ఎవాట్ యను న్యాయమూర్తి అధినివేశ గవర్నరుల యధికారములపై గ్రంథము వ్రాసి, వీనిని సంప్రదాయమునకు విడువక శాసనముగ వ్రాయవలయునని యుపదేశించెను. ఆ యుపదేశమును ఆస్ట్రేలియా పాటింపలేదు. 1977 మే నెలలో రాజ్యాంగమును సవరించి, ఖాళీయైన సెనేటు స్థానమునకు వెనుకటి సభ్యుని పక్షమువానినే నియమింపవలయునని మాత్రము నిర్ణయించిరి. 64వ సెక్షను యథాతథముగ నున్నది. 1999లో రాజును విడిచి యధ్యక్షుని నిలుపుటకై ప్రజాభిప్రాయము గోరినప్పుడు, ఆ యధ్యక్షుని బ్రధాని ఒక్క వ్రాతతో వెంటనే తొలగింపవచ్చునని ముసాయిదాలో నుండెను. అది యోడిపోయినది. గెలిచియున్నను నీ ముడి విడియుండెడిది కాదు.

మన దేశమునకు సంబంధము

ఇది మనకు బరాయి కథ కాదు. 1935నాటి భారత ప్రభుత్వ చట్టపు 51వ సెక్షనునందు మంత్రులు గవర్నరు అనుగ్రహ మున్నంతవఱకే యుందురని యుండెను. 1937లో మద్రాసు శాసనసభ 215 స్థానములలో 159 గెలిచిన కాంగ్రెసు, గవర్నరు తన ప్రత్యేకాధికారములను వాడనని హామీ యిచ్చిననే గాని పదవు లంగీకరింపమని నిలిచెను. ఏప్రిలు 1వ తేదీనుండి జూలై నడిమి వఱకు, సంఖ్యాబలము లేకయే, కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు ప్రధానిగ నుండవలసి వచ్చెను. అంతకు ముందటి యేట వారే కొన్ని మాసములు తాత్కాలికముగ గవర్నరు పదవి నిర్వహించి యుండిరి. వైస్రాయి జూను 22వ తేదీ ప్రకటన పిమ్మట కాంగ్రెసు పదవుల నంగీకరించెను. వాడుకను గూర్చి ముందుగ మాట తీసికొనక, వ్రాతను నమ్మరాదని యానాటి నాయకు లెఱింగిరి.

1950లో మన దేశమున రాజప్రతినిధిత్వ మంతరించినను, ఆ "అనుగ్రహము" అను మాట రాష్ట్ర గవర్నరులకు 164వ అధికరణమున సంక్రమించినది. 1984 ఆగస్టు 16వ తేదీన ఆంధ్రప్రదేశ్ గవర్నరు రామ్‌లాల్, సంఖ్యాబలమును సభలో జూపుటకు నవకాశ మీయకయే, ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావుగారిని దొలగించి నాదెండ్ల భాస్కరరావుగారిని నియమించెను. ప్రజాందోళనము చెలరేగెను, గవర్నరు మాఱెను, సెప్టెంబరు 16వ తేదీన రామారావుగారు మఱల ముఖ్యమంత్రి యయిరి. 1994లో బొమ్మయి వ్యాజ్యమున సుప్రీముకోర్టు, సంఖ్యాబలమును దేల్చవలసిన చోటు శాసనసభయే గాని గవర్నరు మనోగతము కాదని నిర్ణయించెను. సభ నోటును, సభ చెవిని మూసి తీసికొను నిర్ణయము నిలువదని కాన్‌బెఱ్ఱా, హైదరాబాదు లొక్కతీరున జాటుచున్నవి.

కావున రాజప్రతినిధి యధికారమునకు గొలత శాసనాక్షరముగాని, రాజాచారముగాని మాత్రమే కాదు. ఎవరియెదుట, ఎంత బహిరంగముగ, ఎంత ముందుగ దెలిపి యాతడు దానిని వాడెననునదియే దానికి గొలత. మంత్రిని హెచ్చరింపలేని ప్రతినిధికి మంత్రిని దొలగించు నధికార మిచ్చుట, పలుక నోరు లేనివానికి ఖడ్గ మిచ్చుట వంటిది. నోరిచ్చుటకు బదవీస్థైర్యము గావలయును; ఖడ్గము నదుపుచేయుటకు సభయొక్క యోటు గావలయును. ఈ రెంటిని శాసనమున వ్రాసికొనిన దేశమున నిట్టి యుపద్రవము మఱల గలుగుట యరుదు. విజ్ఞులు విచారింతురు గాక.